శీతల గిడ్డంగిలో ‘చలి నిల్వ’: ఎంత అవసరం, లెక్క ఎలా?

రద్దీ వేళ కరెంటు ధర, డీజిల్ ఖర్చు తప్పించుకునే మార్గమే అయినా కొలత తప్పితే నష్టమే

శీతల గిడ్డంగిలో మిర్చి గాని, చింతపండు గాని, రొయ్యలు గాని నిల్వ చేసిన వర్తకునికి సరుకు ధరతోపాటు మరో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి గిడ్డంగి అద్దె, రెండు సరుకు పెట్టుబడిపై వడ్డీ. అద్దెలో పెద్ద భాగం కరెంటు ఖర్చే. కరెంటు పోయిన గంటల్లో డీజిల్ ఖర్చు దానికి తోడవుతుంది. ఈ రెండింటినీ తగ్గించుకునేందుకు ‘చలి నిల్వ’ ఏర్పాటు చేసుకోవచ్చునన్న ప్రతిపాదనలు గిడ్డంగుల యజమానుల ముందుకు వస్తున్నాయి. కరెంటు చౌకగా ఉన్న వేళ ఒక పదార్థాన్ని గడ్డకట్టించి ఉంచడం, కరెంటు ప్రియమైన వేళ లేదా లేని వేళ అది కరుగుతూ గదిని చల్లగా ఉంచేట్లు చూడడం ఈ ఏర్పాటు సారాంశం.

ఆలోచన కొత్తది కాదు. పాల డెయిరీలు మంచు ట్యాంకులను ఏనాటి నుంచో వాడుతున్నాయి. ఐస్‌క్రీం వ్యాన్లలో ఉప్పునీటి పలకలు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతాయి. గిడ్డంగి స్థాయిలో చిక్కంతా కొలత దగ్గరే వస్తున్నది. తక్కువ పెడితే అవసరమైన గంటలో చలి చాలదు, సరుకు రంగు దెబ్బతింటుంది. ఎక్కువ పెడితే పెట్టుబడి తిరిగిరాదు, ఆ భారం చివరకు బస్తా అద్దెలో కలుస్తుంది. అందువల్ల ఈ లెక్క యజమానికే గాక సరుకు పెట్టే వర్తకునికి, ఆ సరుకుపై అప్పు ఇచ్చేవారికి కూడా తెలియవలసి ఉన్నది.

చలిని యూనిట్లలో కొలవడం

చలి అంటే వేడిని తీసివేయడమే. దానిని కూడా కరెంటు మాదిరిగా యూనిట్లలో కొలవవచ్చు. ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. శీతల యంత్రాల సామర్థ్యాన్ని ‘టన్ను’లలో చెప్పే వాడుక ఉన్నది. ఒక అమెరికన్ టన్ను, అనగా 907 కిలోల మంచు, 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో దానిని బట్టి వచ్చిన కొలత అది. ఒక టన్ను యంత్రం గంటకు సుమారు మూడున్నర యూనిట్ల వేడిని తీసివేస్తుంది. మంచి స్థితిలో ఉన్న యంత్రం ఒక యూనిట్ కరెంటుకు దరిదాపు మూడు యూనిట్ల చలిని ఇస్తుందని ఈ వ్యాసంలో లెక్క కట్టడమైనది.

కిలో నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి 4.2 కిలోజౌళ్ల వేడి తీస్తే చాలు. అదే కిలో మంచు సున్నా డిగ్రీల వద్ద కరగడానికి 334 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది, అంటే 80 రెట్లు. కరిగినంతసేపూ ఉష్ణోగ్రత పెరగదు. దీనినే గుప్తోష్ణం అంటారు. ఈ గుణాన్ని ఆధారం చేసుకుని చలిని నిల్వ చేసేవే స్థితి మారే పదార్థాలు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పి.సి.ఎం. అని వ్యవహరిస్తున్నారు.

ఇవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది మంచు. అన్నిటికంటె చౌక, అగ్గిభయం లేదు. రెండవది పారఫిన్ మైనం జాతి. ఇందులో టెట్రాడెకేన్ అనేది సుమారు 6 డిగ్రీల వద్ద, హెక్సాడెకేన్ 18 డిగ్రీల వద్ద కరుగుతాయి. వీటి గుప్తోష్ణం కిలోకు 200 కిలోజౌళ్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మూడవది ఉప్పులు, ఉప్పునీటి మిశ్రమాలు. నూటికి 23 పాళ్లు మామూలు ఉప్పు కలిపిన నీరు సున్నాకు దిగువన 21 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. దాని గుప్తోష్ణం సుమారు 235 కిలోజౌళ్లు.

మొదటి అంకె: ఎన్ని గంటలు, ఎంత భారం

నిల్వ పరిమాణాన్ని నిర్ణయించే మొదటి అంకె చాలా సులభం. గంటకు ఎన్ని యూనిట్ల చలి కావాలో దానిని ఎన్ని గంటలు కావాలో దానితో హెచ్చవేయాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. యంత్రం పలకపై రాసిన సామర్థ్యాన్ని గంట భారంగా తీసుకోకూడదు. ఆ యంత్రం వేసవిలో వేడి సరుకు దిగే రోజులకు సరిపడేట్లు పెట్టినది. సరుకు చల్లబడి నిలకడకు వచ్చాక గోడలు, పైకప్పు, తలుపు గుండా వచ్చే వేడి, ఫ్యాన్లు, దీపాలు, లోపల పనిచేసే హమాలీల వేడి మాత్రమే మిగులుతాయి.

ఉదాహరణకు ఒక గిడ్డంగి యంత్రం గంటకు 80 యూనిట్ల చలి ఇవ్వగలదనీ, నిలకడ రోజుల్లో భారం 30 యూనిట్లే ఉన్నదనీ అనుకుందాము. రద్దీ వేళ నాలుగు గంటలకు కావలసినది 120 యూనిట్లు. యంత్రం సామర్థ్యంతో లెక్క కడితే 320 యూనిట్లు వస్తుంది. రెండింటికీ తేడా రెండున్నర రెట్లకు పైన. సరుకు అమ్మే కంపెనీకి ఈ తేడా లాభం, కొనేవారికి నష్టం.

అసలు భారం తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర లేదు. యంత్రం ఏ గంటలో ఎంత కరెంటు తాగిందో మీటరు లెక్క ఉంటే చాలు. ఒక వారం నిలకడ రోజుల్లో, ఒక వారం సరుకు బయటకు పోయే రోజుల్లో గంటగంటకూ రాసి ఉంచితే భారం దానంతట అదే తెలుస్తుంది.

రెండవ అంకె: తరుగు

120 యూనిట్ల చలికి ఎన్ని కిలోల పదార్థం కావాలి? మంచు కిలోకు 334 కిలోజౌళ్ల చొప్పున దరిదాపు 1,300 కిలోలు. మైనం కిలోకు 200 చొప్పున 2,160 కిలోలు. ఇవి కాగితం మీది అంకెలు. యార్డులో బస్తా తూచిన తరువాత తరుగు తీసినట్లే ఇక్కడా తరుగు తీయాలి. పదార్థమంతా పూర్తిగా గడ్డకట్టదు, పూర్తిగా కరగదు. ట్యాంకు గోడల గుండా కొంత చలి పోతుంది. చివరి భాగం కరిగేటప్పుడు వేగం మందగిస్తుంది. నూటికి 80 పాళ్లు ఉపయోగపడుతుందని తీసుకుంటే మంచు 1,600 కిలోలు, మైనం 2,700 కిలోలు పెట్టవలసి వస్తుంది.

స్థలం సంగతి వేరుగా చూడాలి. మైనం నీటికంటె తేలిక. 2,700 కిలోలకు మూడున్నర వేల లీటర్ల చోటు కావాలి. మంచుకు అందులో సగం చాలు. కిలో ధర చూసి మాత్రమే బేరం కుదుర్చుకుంటే పొరపాటు. ఉపయోగపడే ఒక యూనిట్ చలికి, ట్యాంకులు, గొట్టాలు, బిగింపు కలిపి ఎంత పడుతుందో చూడాలి.

కాలం గడిచేకొద్దీ పెరిగే తరుగు మరొకటి ఉన్నది. దీనికి పాత ఉదాహరణ అమెరికాలోనిది. 1948లో మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్‌లో శాస్త్రవేత్త మరియా టెల్కెస్ గ్లాబర్ ఉప్పుతో ఒక ఇంటిని ఎండ వేడితో వెచ్చగా ఉంచే ఏర్పాటు చేశారు. ఆ ఉప్పు 32 డిగ్రీల వద్ద కరుగుతూ వేడిని నిల్వ చేసేది. మొదట బాగానే పనిచేసింది. కొద్ది శీతకాలాలు గడిచేసరికి ఉప్పు, ద్రవం పొరలుగా విడిపోయి నిల్వ శక్తి పడిపోయింది. ఆ తరువాత ఇటువంటి ఉప్పులకు చిక్కబరిచే పదార్థాలు, గడ్డకట్టడం మొదలుపెట్టించే బోరాక్సు వంటివి కలపడం వాడుకలోకి వచ్చింది. అయినప్పటికీ ఉప్పు జాతి పదార్థం కొనేవారు, ఎన్ని వందల సార్లు కరిగించి గడ్డకట్టించిన తరువాత ఎంత గుప్తోష్ణం మిగిలిందో పరీక్షా పత్రం అడగడం అవసరం.

మూడవ అంకె: గేటు వెడల్పు

గోడౌను నిండా సరుకున్నా గేటు ఒక్కటే ఉండి హమాలీలు నలుగురే ఉంటే గంటకు వచ్చే బస్తాలు కొన్నే. చలి నిల్వకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 120 యూనిట్లు ట్యాంకులో ఉన్నంత మాత్రాన గంటకు 30 యూనిట్లు బయటకు వస్తాయన్న భరోసా లేదు. అది పదార్థం ఎంత పలుచగా పరచి ఉన్నది, చుట్టూ ఎంత ఉపరితలం ఉన్నది అన్నదానిపై ఆధారపడుతుంది.

పదార్థం పొర మందం రెట్టింపయితే అది పూర్తిగా కరగడానికి లేదా గడ్డకట్టడానికి సుమారు నాలుగు రెట్ల కాలం పడుతుంది. పైగా మైనం వేడిని చాలా మందంగా ప్రసరింపజేస్తుంది. ఈ విషయంలో మంచుకు అది పదో వంతు మాత్రమే. అందుచేత మైనాన్ని పలుచని పలకల్లో గాని, చిన్న గోళాల్లో గాని, లోహపు రెక్కలున్న గొట్టాల చుట్టూ గాని పెట్టవలసి ఉంటుంది. ఖర్చు పెరిగేది ఇక్కడే. పెద్ద డ్రమ్ములో నింపి చౌకగా ఇస్తామన్న బేరం చివరకు ప్రియమవుతుంది.

మంచు గడ్డకట్టేటప్పుడు నూటికి 9 పాళ్లు ఉబ్బుతుంది. మైనం కరిగేటప్పుడు ఉబ్బుతుంది. పాత్రలో ఆ మేరకు ఖాళీ ఉంచకపోతే పగుళ్లు తప్పవు. ఉప్పునీరు ఇనుమును తినివేస్తుంది కాబట్టి తగిన ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు వాడాలి. మైనానికి మండే గుణం ఉన్నది. మిర్చి నిండిన గిడ్డంగిలో దానిని పెట్టే ముందు బీమా కంపెనీకి తెలియజేయడం మంచిది.

మిర్చికి ఒకటి, రొయ్యకు ఒకటి

పదార్థం కరిగే ఉష్ణోగ్రత గదికంటె కొన్ని డిగ్రీలు తక్కువ ఉండాలి. లేకపోతే చలి గదిలోకి ప్రవహించదు. యంత్రం ఆ పదార్థాన్ని గడ్డకట్టించాలంటే దానికంటె మరికొన్ని డిగ్రీలు దిగువకు పోవాలి. ఇలా దిగిన ప్రతి డిగ్రీకి కరెంటు ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది.

ఎండు మిర్చి గదిని 8 డిగ్రీల వద్ద ఉంచుతున్నారనుకుంటే సున్నా వద్ద కరిగే మంచుకు 8 డిగ్రీల తేడా దొరుకుతుంది. అది చాలినంత తేడా. 6 డిగ్రీల వద్ద కరిగే మైనం పెడితే తేడా రెండే డిగ్రీలు, ఉపరితలం నాలుగు రెట్లు కావాలి. మైనాన్ని గడ్డకట్టించడానికి యంత్రం అంత దిగువకు పోనక్కర లేదన్నది నిజమే. కాని ఆ పొదుపు పదార్థం ధరకు, పలకల ఖర్చుకు సరిపోవడం కష్టం. మిర్చి వరకు మంచును కాదనడానికి గట్టి కారణం చూపవలసినది అమ్మేవారే.

రొయ్యల గది సంగతి భిన్నంగా ఉంటుంది. గడ్డకట్టిన సరుకును సున్నాకు దిగువన 18 డిగ్రీలకు మించి వేడెక్కనీయరాదు. కొనుగోలుదారుల షరతు కూడా అదే. మంచు ఇక్కడ పనికిరాదు. మామూలు ఉప్పునీరు 21 డిగ్రీల దిగువన కరుగుతుంది కాబట్టి తేడా మూడు డిగ్రీలే. మిర్చి గదిలో మంచుతో పోల్చితే రెండున్నర రెట్లకు మించిన ఉపరితలం కావాలి. మెగ్నీషియం క్లోరైడు ఉప్పునీరు 33 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. తేడా బాగా దొరుకుతుంది గాని దానిని గడ్డకట్టించడానికి యంత్రం 40 డిగ్రీల దిగువ వరకు పోవలసి రావచ్చు. అప్పుడు కరెంటు పొదుపు మాట మరచిపోవాలి. రొయ్యల గదిలో చలి నిల్వను కరెంటు పోయినప్పుడు సరుకును కాపాడే బీమాగానే చూడడం సబబు.

సరుకే ఒక నిల్వ

నిండుగా సరుకున్న గదిలో ఆ సరుకే చలిని పట్టి ఉంచుతుంది. ప్రతిపాదనల్లో ఈ మాట సాధారణంగా కనిపించదు. ఎండిన మిర్చి కిలోకు పట్టి ఉంచే వేడి నీటితో పోల్చితే మూడో వంతు అనుకున్నా, వెయ్యి టన్నుల మిర్చి ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దరిదాపు 390 యూనిట్ల వేడి లోపలికి రావాలి. నాలుగు గంటల్లో వచ్చేది 120 యూనిట్లే. తలుపులు మూసి ఉంచితే సరుకు సగటు ఉష్ణోగ్రత డిగ్రీలో మూడో వంతు కూడా పెరగదు. వేడి సమంగా వ్యాపించదు గనుక గోడ పక్క వరసలు, పై వరసలు కొంత ఎక్కువ వేడెక్కుతాయి. అంతమాత్రాన రంగు పోదు.

అసలు ప్రమాదం గది సగం ఖాళీ అయిన రోజుల్లో ఉంటుంది. సీజను చివర 300 టన్నులే మిగిలినప్పుడు అదే 120 యూనిట్ల వేడికి సరుకు సగటున ఒక డిగ్రీ వేడెక్కుతుంది. ఆ రోజుల్లో ఏసీ సరుకు అమ్మకాలు సాగుతూ తలుపులు మాటిమాటికీ తెరుచుకుంటాయి. బయటి తేమగాలి చల్లని బస్తాలపై నీరుగా మారుతుంది. మిర్చికి వేడికంటె ఈ చెమ్మ వల్ల, దానితో పట్టే బూజు వల్ల వచ్చే నష్టమే హెచ్చు. దీనికి మందు చలి నిల్వ కాదు. తలుపు వద్ద గాలి తెర, ముందు గది, సరుకు తీసే వేళల క్రమం దీనికి తగిన ఏర్పాట్లు. తలుపు సరిచేయకుండా ట్యాంకు పెంచడం దండగ ఖర్చు.

తిరిగి గడ్డకట్టించే వ్యవధి

నిల్వ ఖాళీ అయిన తరువాత మిగిలిన గంటల్లో యంత్రం గది భారాన్ని మోస్తూనే ట్యాంకును నింపగలగాలి. పై ఉదాహరణలో పగలు ఎనిమిది గంటల్లో నింపాలంటే గంటకు 15 యూనిట్లు అదనం. గది భారం 30తో కలిపి 45. మంచు చేసేటప్పుడు యంత్రం సామర్థ్యం కొంత తగ్గినా 80 యూనిట్ల యంత్రానికి ఇది భారం కాదు.

కాని మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త సరుకు దిగేటప్పుడు యంత్రం రాత్రింబవళ్లు పూర్తి భారంతో నడుస్తుంది. ట్యాంకు నింపడానికి సామర్థ్యం మిగలదు. కరెంటు కొరత వచ్చేది కూడా తరచు అదే కాలంలో. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ విరామం ప్రకటించవలసి వచ్చిన సంగతి వర్తకులకు గుర్తుండే ఉంటుంది. అందుచేత సరుకు దిగే కాలానికి జనరేటరు ఎలాగూ తప్పదు. చలి నిల్వ ఉన్నదని జనరేటరు మానుకోవడం ప్రమాదకరం. పైగా నిల్వ ఇచ్చేది చలి మాత్రమే. ఫ్యాన్లకు, పంపులకు కరెంటు కావలసిందే.

పైకం లెక్క

కేంద్ర ప్రభుత్వం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు రద్దీ వేళ ధర మామూలు ధరకు కనీసం 1.2 రెట్లు ఉండాలి. ఎండ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. ఏ గంటలు ఏ వేళ కిందకు వస్తాయో, ధర ఎంతో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వు చూసి తెలుసుకోవాలి.

లెక్క కోసం మామూలు ధర యూనిట్‌కు 7 రూపాయలు అనుకుందాము. రద్దీ వేళ 8.40, ఎండ వేళ 5.60 అవుతుంది. 120 యూనిట్ల చలికి రద్దీ వేళ 40 యూనిట్ల కరెంటు, 336 రూపాయలు. అదే చలిని మంచుగా పగలు చేస్తే దిగువ ఉష్ణోగ్రత వల్ల 45 యూనిట్లు పడుతుంది, 252 రూపాయలు. రోజుకు మిగిలేది 84 రూపాయలు. ఏడాదికి 300 రోజులు వాడితే 25,200 రూపాయలు.

ఏర్పాటుకు 2 లక్షలు అయిందనుకుంటే అసలు తిరిగిరావడానికి ఎనిమిది ఏళ్లు పడుతుంది. నూటికి 10 చొప్పున వడ్డీయే ఏడాదికి 20,000. మిగులు నామమాత్రం. ఇక యంత్రం సామర్థ్యాన్ని బట్టి 320 యూనిట్లకు పెట్టి ఉంటే ఖర్చు 5,33,000 అవుతుంది. పొదుపు మాత్రం ఆ 25,200 రూపాయలే, ఎందుకంటే వాడుక పెరగలేదు. అసలు తిరిగిరావడానికి 21 ఏళ్లు. వడ్డీ ఒక్కటే పొదుపుకు రెట్టింపు.

డీజిల్‌తో పోల్చితే చిత్రం కొంత మారుతుంది. లీటరుకు 3.2 యూనిట్ల చొప్పున 40 యూనిట్లకు పన్నెండున్నర లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే దరిదాపు 1,190 రూపాయలు. ట్యాంకు నింపే ఖర్చు 252 తీసివేస్తే, కరెంటు పోయిన ఒక్కొక్క రోజున 935 రూపాయల వరకు మిగులుతుంది. ఏడాదికి ఇటువంటి రోజులు ఇరవై ఉంటే 18,700. అయితే ఒక రోజు నిల్వను కరెంటు కోతకు వాడితే అదే నిల్వ ఆనాటి రద్దీ వేళకు మిగలదు. రెండు పొదుపులనూ ఒకే రోజుకు కలిపి చూపిన ప్రతిపాదనను నమ్మరాదు.

ఒప్పందానికి ముందు

గిడ్డంగి యజమానులు ప్రతిపాదన అందినప్పుడు ఈ క్రింది సంగతులు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఆ యజమాని ఖర్చులు చూపి అద్దె పెంచమంటే వర్తకులు కూడా ఇవే అడగవచ్చు.

1. గంట భారం ఏ నెల మీటరు లెక్క నుంచి తీసుకున్నారు? యంత్రం సామర్థ్యం నుంచా, వాస్తవ వాడుక నుంచా?

2. మొత్తం యూనిట్లు కాక, చివరి గంటలో కూడా గంటకు ఎన్ని యూనిట్లు ఇవ్వగలదు?

3. పదార్థం ఏ ఉష్ణోగ్రత మొదలు ఏ ఉష్ణోగ్రత వరకు కరుగుతుంది? చెప్పిన గుప్తోష్ణం ఆ మేరకేనా?

4. ఎన్నిసార్లు కరిగించి గడ్డకట్టించి పరీక్షించారు? ఆ తరువాత ఎంత మిగిలింది?

5. ట్యాంకు తిరిగి నిండడానికి ఎన్ని గంటలు, అప్పుడు యంత్రం ఎంత కరెంటు తాగుతుంది?

6. చెప్పిన చలి రాకపోతే పైకం ఎంత వాపసు? ఏ పరీక్షతో తేల్చుతారు?

మొదట మూడో వంతు పరిమాణంతో ఒక గదికి పెట్టి, ఒక పూర్తి సీజను లెక్కలు చూసి, తరువాత పెంచుకునే పద్ధతి అన్నిటికంటె క్షేమం. పలకలు, గోళాల ఏర్పాటుకు తరువాత జత చేసుకునే వీలుంటుంది. ఒకే పెద్ద ట్యాంకుకు ఆ వీలు ఉండదు.